కుందూ ఒడ్డున వరి – 9: ‘జి’ ఉండాల్సిన చోట ‘టి’

నంద్యాలలో బియ్యం కొనేవాళ్లు బస్తా మూతి విప్పించి, గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూస్తారు. సన్నం ఎంత, నూక ఎంత, కొత్తవా పాతవా, ఇవన్నీ కంటితోనే తేలిపోతాయి. వండితే మెతుకుకు మెతుకు విడుతుందా లేదా అన్నది మాత్రం కంటికి అందదు. ఆళ్లగడ్డలోనైనా, బనగానపల్లెలోనైనా అన్నం బాగుందని అనిపించుకోవాలంటే పప్పు కలిపినా పులుసు పోసినా ముద్ద కట్టకూడదు. కర్నూలు సోనాకు అంత దూరం పేరు పాకిందంటే సన్నదనంతో పాటు ఈ విడివడే గుణమూ కారణమే.

ఇంతవరకు ఈ ధారావాహికలో నీటి కథ, నేల కథ చెప్పుకున్నాం. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సాగుకూ పడవల రాకపోకలకూ కలిపి తవ్వించిన కర్నూలు–కడప కాలువ నష్టాల్లో కూరుకుపోవడం, 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కోవడం, నల్లరేగడిలో జొన్న, కొర్ర, పత్తి పండించుకునే పల్లెలు మెల్లమెల్లగా మడికట్లు కట్టుకోవడం, 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం మొదలవడం చూశాం. ఈ వారం గింజ లోపలికి వెళ్దాం. ఇందులో రసాయన శాస్త్రం పాలు ఎక్కువ. అయినా దీన్ని చరిత్రగానే చెబుతున్నాను. ఎప్పుడో వేల ఏళ్ల కిందట వరిలో ఒక చిన్న మార్పు వచ్చింది. దాన్ని కొందరు రైతులు, వండి వడ్డించిన కొందరు ఇల్లాళ్లు రుచి చూసి నిలబెట్టుకున్నారు. మరికొందరు వద్దనుకున్నారు. ఆ మార్పు ఏమిటో శాస్త్రానికి తెలిసింది మాత్రం 1990లలో.

ముందు మన గింజ వంశం చూద్దాం. కాలువ కింద ఎక్కువగా పండి, బజారులో కర్నూలు సోనాగా చెలామణి అయ్యేది బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసింది. దాని పుట్టుకలో మూడు రకాలున్నాయి. ఒకటి జీఈబీ 24. కోయంబత్తూరులో కోనమణి అనే రకంలో తనంతట తాను పుట్టిన మార్పును ఏరి 1921లో రైతులకిచ్చారు. రెండోది తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1. మూడోది మసూరి. దీని పుట్టిల్లు మలేసియా.

ఈ మసూరి దగ్గర కాసేపు ఆగాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థను కేంద్రంగా చేసుకుని ఒక పెద్ద సంకరణ కార్యక్రమం చేపట్టింది. ఎరువు వేస్తే పడిపోకుండా నిలిచే జపానికా వరిని, మన వేడికీ మన నోటికీ అలవాటైన ఇండికా వరితో కలపాలన్నది ఆలోచన. మసూరి ఆ కృషి ఫలం. ఒక వైపు మలేసియా ఇండికా రకం మయాంగ్ ఎబోస్ 80. ఇంకో వైపు తైచుంగ్ 65, జపాన్ పాలనలో ఉన్నప్పటి తైవాన్‌లో పుట్టిన జపానికా రకం. సంకరాన్ని మళ్లీ ఒకసారి మయాంగ్ ఎబోస్‌తోనే కలిపారు. 1965లో మలేసియాలో విడుదలైన ఆ మసూరి మన కోస్తాకు వచ్చి, అక్కడి నుంచి సాంబ మసూరి రక్తంలోకి చేరింది.

అంటే నంద్యాల పళ్లెంలోని అన్నానికి జపానికా తాత ఒకడున్నాడు. జపానికా అన్నమేమో జిగటగా ఉంటుంది, పుల్లలతో ఎత్తితే ముద్దగా లేస్తుంది. అక్కడ అదే మంచి అన్నం. ఆ తాత జిగట మనవడికి ఎందుకు రాలేదు?

గింజలో పిండిపదార్థం రెండు రూపాల్లో ఉంటుంది. కొమ్మలు కొమ్మలుగా చీలినది ఎమైలోపెక్టిన్. కొమ్మలు లేకుండా పొడవుగా సాగి చుట్టలు తిరిగేది ఎమైలోజ్. ఎమైలోజ్ తగ్గితే అన్నం జిగురు, పెరిగితే పొడిపొడి. దీన్ని కంటితో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. గింజను అడ్డంగా కోసి, కోసిన ముఖం మీద పలచటి అయోడిన్ ద్రావణం ఒక చుక్క వేస్తే చాలు. మన సన్నబియ్యం చూస్తుండగానే నీలి నలుపుకు తిరుగుతుంది, ఎమైలోజ్ చుట్టల నడుమ అయోడిన్ చిక్కుకుంటుంది కాబట్టి. ఈశాన్య రాష్ట్రాల్లో పిండివంటలకు వాడే జిగురు బియ్యానికి అదే చుక్క వేస్తే ఎరుపు కలిసిన గోధుమరంగు వస్తుంది. వాటిలో ఎమైలోజ్ దాదాపు లేదు. శాస్త్రజ్ఞుల వర్గీకరణలో 20 శాతం లోపు తక్కువ, 20 నుంచి 25 మధ్యస్థం, ఆపైన ఎక్కువ. సాంబ మసూరిది మధ్యస్థ వర్గం. జపానికా రకాలు సాధారణంగా 20కి దిగువనే ఉంటాయి.

ఎమైలోజ్‌ను తయారుచేసే ఎంజైమును రాసిపెట్టిన జన్యువు పేరు వాక్సీ. వరిలో దీనికి రెండు ముఖ్య రూపాలున్నాయని 1980లలో జపాన్ శాస్త్రవేత్త సానో చూపించాడు. ఇండికాలో ఎక్కువగా కనిపించే రూపం, జపానికాలో కనిపించే రూపం కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ ఎంజైము ఇస్తుంది. రెండు చోట్లా తయారయ్యేది ఒకే ఎంజైము అయినప్పుడు పది రెట్ల తేడా ఎక్కడి నుంచి వస్తుంది? 1995లో షాంఘైలో వాంగ్ జోంగ్‌యాంగ్ బృందం 30 పైచిలుకు రకాల గింజల నుంచి ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువు రాతకు కణం తీసుకునే ప్రతి, తీసి చూసింది. ఎమైలోజ్ ఎక్కువున్న రకాల్లో వాక్సీ ఆర్‌ఎన్‌ఏ ఒకే నిడివిలో, 2,300 అక్షరాల పొడవున ఉంది. జిగురు రకాల్లో 3,300 అక్షరాలది కనిపించింది. నడిమి రకాల్లో రెండూ ఉన్నాయి. ఆ అదనపు వెయ్యి అక్షరాలు జన్యువులోని మొదటి ఇంట్రాన్. తీసెయ్యాల్సిన ముక్కను కొన్ని రకాలు తీసెయ్యలేకపోతున్నాయన్నమాట.

ఈ తీసెయ్యడం అనే పని జీవుల్లో ఉందని తెలిసిందే 1977లో. అమెరికాలో ఎంఐటీలో ఫిలిప్ షార్ప్ బృందం, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో రిచర్డ్ రాబర్ట్స్, లూయీ చౌ ఉన్న బృందం, జలుబు తెప్పించే ఎడినోవైరస్‌ను పరీక్షిస్తూ ఒకే ఏడాది ఒకే విషయం కనిపెట్టాయి. వైరస్ ఆర్‌ఎన్‌ఏను దాని డీఎన్‌ఏతో జతకట్టి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడితే, జత దొరకని డీఎన్‌ఏ భాగాలు ఉంగరాలుగా బయటికి పొడుచుకొచ్చాయి. జన్యువు అంటే ఏకధాటిగా సాగే రాత అన్న నమ్మకం ఆ ఫొటోలతో పోయింది. పనికొచ్చే ఎక్సాన్ల మధ్య ఇంట్రాన్లు ఉంటాయి. కణం ముందు మొత్తాన్ని ఆర్‌ఎన్‌ఏగా తిరగరాసి, తర్వాత ఇంట్రాన్లను కత్తిరించి ఎక్సాన్లను అతుకుతుంది. ఇదే స్ప్లైసింగ్. షార్ప్, రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది. సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఆ ఉంగరాలను చూసిన సూసన్ బెర్జెట్, లూయీ చౌలకు రాలేదు. ఆ పేర్లు కూడా తెలుగు పాఠకుడికి గుర్తుండాలని నా కోరిక.

ఎవరు కత్తిరిస్తున్నారన్నది తర్వాతి ప్రశ్న. అప్పట్లో రసాయన చర్యలు నడిపేది ప్రోటీన్లేనని అందరి నమ్మకం. 1982లో కొలరాడోలో థామస్ చెక్, నీటిలో బతికే టెట్రాహైమినా అనే ఏకకణ జీవి ఆర్‌ఎన్‌ఏ, పక్కన ఏ ప్రోటీనూ లేకుండా తన ఇంట్రాన్‌ను తానే కోసుకుని తన కొసలను తానే అతుక్కోవడం చూపించాడు. ఏడేళ్లకే సిడ్నీ ఆల్ట్‌మన్‌తో పాటు ఆయనకు నోబెల్ ఇచ్చారు. 1984లో రెండు అమెరికా బృందాలు మానవ కణాల సారంలో స్ప్లైసింగ్ జరిపించి, మధ్యలో తాడు ఉచ్చు ఆకారంలో ఉన్న ఆర్‌ఎన్‌ఏను పట్టుకున్నాయి.

ఆ ఉచ్చు ఎలా పడుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. వరి గింజలో జరిగినది అర్థం కావడానికి ఇంతకంటే అడ్డదారి లేదు.

ఇంట్రాన్ సాధారణంగా ‘జి’, ‘యు’ అక్షరాలతో మొదలై ‘ఎ’, ‘జి’తో ముగుస్తుంది. డీఎన్‌ఏలో ‘టి’ ఉన్న చోట ఆర్‌ఎన్‌ఏలో ‘యు’ ఉంటుంది. యూ1 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ వచ్చి మొదటి హద్దును గుర్తించి జతకడుతుంది. యూ2 అనే ఇంకొకటి ఇంట్రాన్ కొసకు కాస్త ముందున్న భాగంతో జతకడుతూ, ఒక్క ‘ఎ’ను మాత్రం జత లేకుండా వదిలేస్తుంది. ఆ ‘ఎ’ బయటికి ఉబుకుతుంది. ఆర్‌ఎన్‌ఏ చక్కెర ఉంగరంలో రెండో కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట ఉంటుంది. ఉబికిన ‘ఎ’ తాలూకు ఆ ఆక్సిజన్, ఇంట్రాన్ మొదటి ‘జి’ని ఎక్సాన్‌తో కలిపే ఫాస్ఫేట్ మీదికి వెళ్తుంది. పాత బంధం తెగి కొత్త బంధం పడుతుంది. ఇంట్రాన్ మొదలు తన ఒంటికే ముడిపడి, ఎద్దు మెడకు వేసే పలుపు ముడిలా తయారవుతుంది. ఇప్పుడు తెగి వేలాడుతున్న మొదటి ఎక్సాన్ కొసన ఒక హైడ్రాక్సిల్ బయటపడింది. అది ఇంట్రాన్ చివరి ‘జి’ తర్వాతి ఫాస్ఫేట్‌ను పట్టుకుంటుంది. రెండు ఎక్సాన్లు కలుస్తాయి, ముడిపడ్డ ఇంట్రాన్ ఊడిపోతుంది.

ఒక బంధం పోయిన చోటే ఇంకొకటి వచ్చింది కాబట్టి ఈ రెండు అడుగుల రసాయనానికి విడిగా శక్తి ఖర్చు లేదు. కణం ఖర్చుపెట్టే ఏటీపీ అంతా ముక్కలను సరైన చోటికి తెచ్చి సర్దడానికి పోతుంది. అసలు కత్తి పట్టేది యూ6 ఆర్‌ఎన్‌ఏ. అది రెండు మెగ్నీషియం అయాన్లను సరిగ్గా ఆ బంధం పక్కన నిలబెడుతుందని 2013లో షికాగోలో తేలింది. చుట్టూ వందకు పైగా ప్రోటీన్లున్నా కోత మాత్రం ఆర్‌ఎన్‌ఏదే. 2015లో చైనాలో షి యిగోంగ్ బృందం, ఈ ఆర్‌ఎన్‌ఏలూ ప్రోటీన్లూ కలిసిన స్ప్లైసింగ్ యంత్రం రూపాన్ని అణువుల స్థాయికి దగ్గరగా చిత్రించింది. ఇదే రసాయనం, ఇదే ఉచ్చు, వరి ఆకులోని హరితరేణువుల ఇంట్రాన్లలోనూ కనిపిస్తుంది. ఆ ఇంట్రాన్లు మన కణాల స్ప్లైసింగ్ యంత్రానికి పాత బంధువులని చాలామంది నమ్మకం.

ఇప్పుడు వాక్సీ దగ్గరికి తిరిగి వద్దాం. ఇండికా రూపంలో మొదటి ఇంట్రాన్ ‘జి’తోనే మొదలవుతుంది. జపానికా రూపంలో సరిగ్గా ఆ ‘జి’ ఉండాల్సిన చోట ‘టి’ ఉంది. 1990ల చివర్లో చైనా, జపాన్, బ్రిటన్ బృందాలు వేర్వేరుగా ఈ మాటే చెప్పాయి. యూ1కి హద్దు సరిగ్గా దొరకదు. చాలా ప్రతుల్లో ఇంట్రాన్ మిగిలిపోతుంది. కొన్నిట్లో యంత్రం తడుముకుని, ఒక అక్షరం ముందో 93 అక్షరాల ముందో ఉన్న తప్పు హద్దు దగ్గర కోస్తుంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి ఇంకొకటుంది. ఈ ఇంట్రాన్ ఉన్నది ఎంజైము రాత మొదలవడానికి ముందున్న భాగంలో. కాబట్టి ఎంజైములో ఒక్క అమైనో ఆమ్లం కూడా మారదు, అది తయారయ్యే మోతాదు తగ్గుతుంది అంతే. ఒక దేశం వంటిళ్లకూ ఇంకొక దేశం వంటిళ్లకూ మధ్య తేడాలో పెద్ద భాగం ఈ ఒక్క అక్షరం మోస్తోంది.

1997లో అమెరికాలో 90కి పైగా రకాలను పరీక్షించినప్పుడు ఎమైలోజ్ 18 శాతానికి మించని రకాలన్నిట్లో ‘టి’, మించినవాటన్నిట్లో ‘జి’ కనిపించాయి. ఆ లెక్క ప్రకారం సాంబ మసూరి ఎమైలోజ్‌ను బట్టి చూస్తే, తైచుంగ్ 65 తెచ్చిన ‘టి’ దాని వంశంలో ఎక్కడో జారిపోయి ఉండాలి. మయాంగ్ ఎబోస్‌తో రెండుసార్లు కలపడం, పొడి అన్నం కావాలన్న ఎంపికదారుల పట్టుదల, రెండూ అందుకు సాయపడ్డాయి. అప్పుడు ఆ అక్షరం సంగతి ఎవరికీ తెలియదు. కుండలో ఉడికించి, నోట్లో పెట్టుకుని, దాన్ని ఏరి పారేశారు. మధ్యస్థ వర్గం రకాల్లో ఆరో ఎక్సాన్‌లో ఇంకొక అక్షరం మార్పు ఎంజైము చురుకును కొంత తగ్గిస్తుందని కూడా తర్వాత తెలిసింది. సాంబ మసూరి అన్నం బిరుసెక్కకుండా మెత్తగా విడివడే తీరు వెనుక ఇలాంటి మార్పుకు చోటుంది. అయినా పెద్ద గీటు గీసింది ‘జి’, ‘టి’ల తేడానే.

జొన్న, కొర్ర పండే నేల మీద కూర్చుని ఇది రాస్తున్నాను కాబట్టి కొర్ర సంగతి కూడా ఒక మాట. నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది లాంటి కొర్ర రకాలనిచ్చిన చోటు. మన కొర్రన్నం పొడిగా ఉంటుంది. చైనా, జపాన్, తైవాన్ వైపు జిగురు కొర్రలున్నాయి. అక్కడా మారింది వాక్సీ జన్యువే. అయితే అక్షరం మార్పుతో కాకుండా జన్యువు మధ్యలోకి ఎగిరి వచ్చి దూరిన డీఎన్‌ఏ ముక్కల వల్ల మారింది. జిగురు రుచి కోరిన ప్రాంతంలో రెండు వేర్వేరు పంటలు వేర్వేరు దారుల్లో ఒకే జన్యువును తగ్గించుకున్నాయి.

ఆర్‌ఎన్‌ఏ కత్తి పట్టగలదని తేలాక కొందరికి ఇంకొక ప్రశ్న పుట్టింది. డీఎన్‌ఏ ఆ పని చేయగలదా? డీఎన్‌ఏ చక్కెరలో ఆ రెండో కార్బన్ మీద హైడ్రాక్సిల్ లేదు. పైగా అది జంటగా బిగిసి, రాత భద్రపరిచే పనిలో ఉంటుంది. ప్రకృతిలో రసాయనం నడిపే డీఎన్‌ఏ ఇంతవరకు దొరకలేదు. అయినా 1994లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో రొనాల్డ్ బ్రేకర్, జెరాల్డ్ జాయిస్ యాదృచ్ఛికంగా కూర్చిన లక్ష కోట్లకు వంద రెట్ల డీఎన్‌ఏ ముక్కలను ఒక్కచోట పోసి, సీసం అయాన్ల సాయంతో కోత కోసేవాటిని ఏరి, పెంచి, మళ్లీ ఏరారు. నిజంగానే కోసేవి దొరికాయి. మూడేళ్లకు స్టీఫెన్ సాంటోరో, జాయిస్ కలిసి మెగ్నీషియంతో పనిచేసే రెండింటిని తీశారు. వాటిలో 10-23 అనేది ఇప్పటికీ ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది.

మన కథకు దగ్గరిది 2004 నాటిది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రెబెక్కా కాపిన్స్, స్కాట్ సిల్వర్‌మన్ ఏరి తీసిన 7ఎస్11 అనే డీఎన్‌ఏ, స్ప్లైసింగ్ మొదటి అడుగును అనుకరించింది. రెండు ఆర్‌ఎన్‌ఏ ముక్కలను తన రెండు చేతులతో జతకట్టి పట్టుకుంటుంది. వాటిలో ఒకదాని నడుమ ఒక ‘ఎ’ సరిగ్గా స్ప్లైసింగ్‌లో లాగే ఉబికి ఉంటుంది. ఆ ‘ఎ’ తాలూకు ఆక్సిజన్ వెళ్లి రెండో ముక్క కొసను పట్టుకుంటుంది. అదే కొమ్మ బంధం. పూర్తి పోలిక కాదు, ఒప్పుకోవాలి. ఇక్కడ విడిపోయేది ఎక్సాన్ కాదు, రెండు ఫాస్ఫేట్ల జంట. రెండో అడుగు అసలే లేదు. అయినా ఉబికిన ‘ఎ’ దగ్గరే చర్య జరగడం, ఆ రూపాన్ని ఎవరూ చెప్పకుండా డీఎన్‌ఏ ముక్కలు తమంతట తాము చేరుకోవడం నన్ను బాగా ఆలోచనలో పడేశాయి.

చర్యకు కావలసిన ఆక్సిజన్ ఆర్‌ఎన్‌ఏలోనే ఉంది. తెగాల్సిన బంధమూ దాన్లోనే ఉంది. రెంటినీ ఎదురెదురుగా, తగిన కోణంలో నిలబెట్టి పట్టుకునేది ఎవరన్నదే మిగిలిన ప్రశ్న. ఆ పట్టు యూ2, యూ6 ఆర్‌ఎన్‌ఏలది కావచ్చు, ఏరి తీసిన డీఎన్‌ఏది కావచ్చు. జపానికా వరిలో ‘టి’ చెడగొట్టింది ఆ పట్టునే. ఆక్సిజన్ ఉంది, ఫాస్ఫేట్ ఉంది, యంత్రమంతా ఉంది. హద్దు దగ్గర పట్టు సడలింది.

ఈ సడలిన పట్టుకు ఒక విచిత్ర గుణముంది. గింజ పాలుపోసుకునే రోజుల్లో చలిగా ఉంటే ‘టి’ రకాల్లో స్ప్లైసింగ్ కొంత మెరుగై ఎమైలోజ్ పెరుగుతుంది. వేడెక్కితే మరింత పడిపోతుంది. ‘జి’ రకాలు ఈ మార్పును అంతగా లెక్కచేయవు. వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతల జాబితాలో తరచూ ఉండే నంద్యాల లాంటి చోట ‘టి’ రకం వేస్తే, గింజ ఎప్పుడు గట్టిపడిందన్నదాన్ని బట్టి అన్నం ఒక్కో పంటకు ఒక్కో తీరుగా ఉండే అవకాశం ఉంది.

ఇప్పుడు పరిశోధకులకు ఈ అక్షరం రోజువారీ పని అయింది. 2008లో హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి, బాక్టీరియా ఎండాకు తెగులు తట్టుకునే మూడు జన్యువులను ఎక్కించిన మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. రమేశ్ సొంఠి, ఆర్.ఎం. సుందరం నడిపిన ఆ పనిలో ఒక్కో తరంలోనూ ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, కావలసిన జన్యువు ఉన్న మొక్కలనే ఉంచుకున్నారు, పైరు కోతకు వచ్చేదాకా ఎదురుచూడలేదు. వాక్సీ మొదటి ఇంట్రాన్‌లో ‘జి’ ఉందో ‘టి’ ఉందో కూడా అదే ఆకు ముక్కతో తేల్చుకోవచ్చు. బయటి జపానికా రకాలతో సంకరం చేసి, తెగులు నిరోధమో చౌడును తట్టుకునే గుణమో తెచ్చుకోవాలనుకునే రకాల సృష్టికర్తకు నారుమడి దశలోనే తెలిసిపోతుంది, ఆ మొక్క గింజలు కాలువ కింది జనం తినే అన్నమవుతాయో కాదో.

(సశేషం)